పన్నును పరిపాలనమును: చెన్నపట్టణమునుండి చీరాలవరకు

స్థానిక స్వపరిపాలనము అనగానే మనవారు ఉత్తరమేరూరు శాసనములను స్మరించుట పరిపాటి. పదవ శతాబ్దిలో చోళరాజ్యమున తాటాకు చీటీలు కుండలో వేసి సభ్యులను ఎన్నుకొనిన ఆ గ్రామసభ నిజముగా గొప్పదియే. కాని నేడు మన వీధులలో దీపములు వెలిగించుచు, చెత్త ఎత్తించుచు, కొళాయినీరు పంపుచున్న సంస్థలు ఆ సభకు సంతానములు కావు. వాటి పుట్టుక వేరు. సత్యము చెప్పవలెనన్న, ఆ పుట్టుకకు మూలము ఇంటిపన్ను.

1686లో చెన్నపట్టణమున ఈ కథ ఆరంభమైనది. కోటగోడల ఖర్చు, పట్టణపు శుభ్రత, కావలి మొదలగువానికి సొమ్ము చాలక, కంపెనీ గవర్నరు పురవాసులపై ఇంటిపన్ను విధించెను. నగరమందలి వృత్తులవారును వర్తకులును ఏకమై అంగళ్ళు మూసిరి. పన్ను చెల్లింపుమన్న ఉత్తరువును, చెల్లింపమన్న ప్రజలును ఎదురెదురుగా నిలిచిరి. ఆ వార్త లండనులోని డైరెక్టర్లకు చేరినది. ఆ కాలమున కంపెనీలో సర్వాధికారము చేయుచుండిన సర్ జోసయా చైల్డు లెక్కలలో ఆరితేరిన వర్తకుడు. అతనికి తోచిన ఉపాయము ఇది: పరాధికారి అడిగినచో ఆరుపెన్నీలు ఇచ్చుటకు గొణుగు జనులు, తమ ప్రతినిధులే కూర్చుండి నిర్ణయించినచో ఐదు షిల్లింగులైనను ఇత్తురు, కనుక పట్టణమునకు ఒక కార్పొరేషను ఇచ్చినచో పన్ను దానంతట అదే వసూలగును. 1687 డిసెంబరు 30 తేదీ గల ఛార్టరు ఈ ఆలోచనకు ఫలము. 1688 సెప్టెంబరు 29న మదరాసు కార్పొరేషను ప్రారంభమయ్యెను. మేయరు ఒకడు, ఆల్డర్మనులు పన్నిద్దరు, బర్జెసులు అరువదిమంది.

ఆ పన్నిద్దరిలో ఆంగ్లేయులతోపాటు ఫ్రెంచివారు, పోర్చుగీసువారు, యూదులు, ఆర్మీనియనులు, హిందువులు కూడ ఉండిరి. హిందువులలో ఒకడు చిన్న వెంకటాద్రి. ఇతడు చెన్నపట్టణపు తొలి దినములలో కంపెనీకి ప్రధాన వర్తకుడుగా నుండిన బేరి తిమ్మన్నకు తమ్ముడు, తెలుగువాడు. మన దేశమున ఆధునిక పురపాలనమునకు మొదటి పుటలోనే ఒక తెలుగువాని పేరు కానవచ్చుట గమనింపదగినది. అయితే ఈ గౌరవమును చూచి మురిసిపోవుటకుముందు ఒక సంగతి తలపోయవలెను. వెంకటాద్రిని పురవాసులెవరును ఎన్నుకొనలేదు. కంపెనీవారే అతని పేరును ఛార్టరులో వ్రాసిరి. టౌనుహాలు, చెరసాల, దేశీయ బాలురకు ఇంగ్లీషును లెక్కలును నేర్పు పాఠశాల, వీటికై పన్ను వేయవచ్చునని ఛార్టరు చెప్పినది. ప్రజలు మాత్రము ఇది తమ సభ యని నమ్మలేదు. పన్నును అంతకుముందు ఎంత కష్టముగా చెల్లించిరో, తరువాతను అంత కష్టముగానే చెల్లించిరి. 1726లో క్రొత్త ఛార్టరు వచ్చి, కార్పొరేషను ముఖ్యముగా న్యాయస్థానముగా మారిపోయినది.

చైల్డు సిద్ధాంతమున దోషము లేదు. దానిని ఆచరణలో పెట్టినవారు అందులోని ముఖ్యమైన సగమును విడిచిపెట్టిరి. ‘తమ ప్రతినిధులు’ అను మాటయే ఆ సగము. తరువాతి రెండువందల ఏండ్ల చరిత్రలో ఈ విడిచిపెట్టుట అనేక పర్యాయములు జరిగినది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున మరల ఒక ప్రయత్నము జరిగినది. 1850 నాటి 26వ చట్టము ఏ పట్టణముపైనను బలవంతముగా మోపబడినది కాదు. పురవాసులు కోరినచోటనే దానిని అమలు జరుపవలెనని నియమము. కోరి పన్ను వేయించుకొనువారు అరుదుగదా! చెన్నరాజధానిలో దానిని స్వీకరించిన పట్టణములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని. అట్టి తొలి పట్టణములలో విశాఖపట్టణమునకు ఉత్తరమున నున్న భీమునిపట్టణము ఒకటి. డచ్చివారి కాలమునుండి ఓడవర్తకము జరిగిన చిన్న రేవు అది. 1825లో ఇంగ్లీషువారి వశమయ్యెను. 1861లోనే అచ్చట పురపాలకసంఘము ఏర్పడినది. అంతకంటె ఎన్నోరెట్లు పెద్దవైన పట్టణములు ఈ మాట తలపెట్టకముందే ఈ పని జరిగినది. సరకుల బండ్లు నడువ బాటయు, రేవునకు శుభ్రతయు కావలెనని వర్తకులు ఎరిగియుండిరి. తాము ఇచ్చిన పైకము తమ కన్నులయెదుటనే బాటగా మారుచుండెను. ఈ భీమునిపట్టణ పురపాలకసంఘము నూటయేబది యేండ్లకు పైగా నిలిచి, 2013లో మహా విశాఖ నగరపాలకసంస్థలో కలిసిపోయినది.

1870లో మేయో ప్రభువు చేసిన తీర్మానముతో కథ మరియొక మలుపు తిరిగినది. విద్య, వైద్యము, బాటలు మొదలగు శాఖలను కేంద్రము రాష్ట్రములకు అప్పగించెను. అప్పగించిన పని పెద్దది, దానితో ఇచ్చిన సొమ్ము అంతవరకు ఖర్చగుచుండినదానికంటె తక్కువ. మిగిలిన లోటును స్థానికముగా పూడ్చుకొనుడని భావము. ఫైళ్ళతో పరిచయమున్న చదువరులకు ఈ పద్ధతి వింతగా తోపదు. చెన్నరాష్ట్రమున 1871 నాటి లోకల్ ఫండ్ చట్టము ఆ లోటునుండియే పుట్టినది. భూమి శిస్తుపై రూపాయికి ఒక అణా మించని సెస్సు, బండ్లపై టోలుగేట్లు, ఇట్టి ఆదాయములతో బాటలు, సత్రములు, ఆసుపత్రులు నడుపవలసివచ్చెను. మన పెద్దలు ‘లోకల్‌ఫండాసుపత్రి’ యని పిలుచుచుండిన ఆసుపత్రులన్నియు ఆ అణాలతో నడచినవే.

రిప్పను ప్రభువు 1882 మే 18 నాటి తీర్మానము ఈ వరుసలో మిక్కిలి ఉదాత్తమైనది. స్థానిక సంఘములు పనిని చౌకగా చేయుటకు కాక, ప్రజలకు రాజకీయ విద్య నేర్పుటకు ఏర్పడవలెనని ఆతడు వ్రాసెను. అధికారులు మూడవవంతుకు మించరాదు. అధ్యక్షులు సాధ్యమైనంతవరకు అనధికారులు కావలెను. తీర్మానము సిమ్లా శిఖరములనుండి జిల్లాలకు దిగివచ్చులోపల దాని వేగము తగ్గినది. 1884లో చెన్నరాష్ట్రమున జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను పంచాయతీ అను మూడంతస్తుల కట్టడము లేచినది. జిల్లాబోర్డు అధ్యక్షపీఠమున మాత్రము కలెక్టరుగారే చాలకాలము కూర్చుండిరి.

అయినను ఈ బోర్డులను తక్కువ చేసి మాటలాడుట న్యాయము కాదు. అవి చేసిన ఒక సాహసమును మనవారు మరచిపోయినారు. జిల్లాబోర్డులు రైలుమార్గములు వేసినవి! భూమి శిస్తుపై రూపాయికి మూడు పైలు, అనగా పావు అణా, అదనపు సెస్సు వేసి, ఆ పైకముతో జిల్లాకు కావలసిన రైలుమార్గమును తామే నిర్మించుకొనవచ్చునని చెన్నరాష్ట్రమున ఏర్పాటు జరిగెను. మొదట ముందడుగు వేసినవారు తంజావూరు జిల్లాబోర్డువారు. మాయవరమునుండి ముత్తుపేటవరకు వారు వేసిన మార్గము 1894లో తెరువబడినది. తెలుగుజిల్లాలలో కృష్ణా జిల్లాబోర్డు ఆ బాట పట్టి బెజవాడనుండి మచిలీపట్టణమునకు మార్గము వేసినది. 1908లో దానిపై రైళ్ళు నడచినవి. 1904లో కృష్ణాజిల్లానుండి విడివడిన గుంటూరుజిల్లా బోర్డును వెనుకబడలేదు. తెనాలినుండి రేపల్లెవరకు సుమారు ఇరువదియొక్క మైళ్ళ మార్గము 1916లో తెరువబడినది.

ఈ ఏర్పాటులో సొమ్ము బోర్డుది, బండ్లు నడుపునది పెద్ద రైల్వే కంపెనీ, లాభములో బోర్డునకు భాగము. మార్గము నడచు ప్రాంతము కృష్ణాడెల్టా. ధాన్యపు బస్తా ఎడ్లబండిమీద వానకాలపు రేగడి బురదలో ఎట్లు పోయెడిదో ఆ ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. పావు అణా ఇచ్చుట అతనికి భారమే. కాని ఆ పావు అణా ఎక్కడకు పోవుచున్నదో అతడు గట్టుమీద నిలుచుండి చూడగలిగెను. మట్టికట్ట లేచుట, పట్టాలు పడుట, ఒకనాటి ఉదయమున పొగబండి కూత వినవచ్చుట, ఇవన్నియు అతని పన్నునకు రసీదులు.

ఇదే గుంటూరుజిల్లాలో, ఈ మార్గము తెరువబడిన మూడేండ్లకు, మరియొక పన్ను కథ మొదలయ్యెను.

చీరాల, పేరాల అనునవి జంట గ్రామములు. నేడు బాపట్లజిల్లాలో నున్నవి, నాడు గుంటూరుజిల్లాలోనివి. చెన్నపట్టణము, కలకత్తాల నడుమ రైలుదారిమీద, సముద్రమునకు చేరువగా, ఇసుకనేలపై వెలసిన ఈ ఊళ్ళలో నేతపనివారు అధికము. రెండు ఊళ్ళలోను కలిసి జనసంఖ్య సుమారు పదునైదువేలు. అంతవరకు యూనియనుగా స్వల్పమైన పన్నులతో కాలము గడుచుచుండెను. 1919లో ప్రభుత్వము ఈ రెంటిని కలిపి పురపాలకసంఘముగా మార్చినది. ఫైలుమీద చూచినచో ఈ ఉత్తరువు సమంజసముగానే యుండును. రైలుస్టేషను గల ఊరు, వర్తకము పెరుగుచున్నది, జనము పెరుగుచున్నారు, పారిశుద్ధ్యము మెరుగుపడవలెను, మంచినీటి సదుపాయము కావలెను. కావున మునిసిపాలిటీ. ఇట్టి నోటు వ్రాసిన అధికారిని తప్పుపట్టుట కష్టము.

ఊరివారి లెక్క వేరు. పన్నులు ఒక్కసారిగా ఎన్నోరెట్లు పెరుగనున్నవి. ఇసుకనేల నీటిని ఇట్టే పీల్చుకొనును, బావులలో నీరున్నది, ఇంత క్రొత్త పన్నునకు బదులుగా తమకు క్రొత్తగా వచ్చునదేమి అని వారు అడిగిరి. అర్జీలు పంపిరి. అర్జీలు తిరస్కరింపబడినవి. పురపాలకసంఘ సభ్యులు రాజీనామా లిచ్చిరి. అప్పుడు ప్రభుత్వము జీతమిచ్చి ఒక అధ్యక్షుని నియమించి, సభ్యులు లేని సంఘమును నడిపింపసాగెను. పేరు స్థానిక స్వపరిపాలనము. అందులో స్థానికులు లేరు, స్వపరిపాలనము అంతకన్న లేదు. పన్ను మాత్రము ఉన్నది.

పన్ను ఇయ్యమని ఊరు నిలిచినది. పన్నెండుగురు చెరసాలకు పోయిరి; వారిలో ఒక స్త్రీయు ఉండెను. ఈ సమయమున నాయకత్వము వహించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి ‘అభినయదర్పణము’ను ఇంగ్లీషులోనికి అనువదించిన పండితుడు. అంతటివాడు ఇంటిపన్ను తగవులో తలదూర్చుట కొందరికి వింతగా తోచినను, అతనికి అది వింత కాలేదు. ‘రామదండు’ అను పేర అతడు కూర్చిన స్వచ్ఛందసేవకులు 1921 మార్చి, ఏప్రిలు నెలల సంధిలో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున సేవచేసి పేరుగాంచిరి. ఆ సమావేశానంతరము, ఏప్రిలు 6న, గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఆయన రెండు దారులు చూపెను. ఒకటి, పన్ను నిరాకరించి, వచ్చు శిక్షలను శాంతముగా అనుభవించుట. రెండవది, పురపాలకసంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచిపోవుట. ఊరే లేనిచోట మునిసిపాలిటీ ఎవరిని పాలించును?

రెండవ దారియే కష్టమైనది. వారు దానినే ఎన్నుకొనిరి.

ఏప్రిలు నెల ముగియునప్పటికి జనములో అత్యధికభాగము ఎల్లలు దాటిపోయిరి. బయట వేసికొనిన పాకలకు రామనగరు అని పేరుపెట్టిరి. ఊరు విడుచుట యన్న మాట వినుటకు సులభము. నేతగాని గుంటమగ్గము ఇంటినేలలో పాతుకొనియుండును. మూటగట్టి బండిమీద వేసికొని పోవు వస్తువు కాదు. మగ్గము ఆగినచో ఆ పూట పొయ్యి ఆగును. సముద్రతీరపు వేసవి ఎండలో ఇసుకమీద పాక వేసికొని, పిదప వానలలోను తుపాను గాలులలోను అదే పాకలో వృద్ధులతో, పసిబిడ్డలతో సుమారు పదునొకండు నెలలు నిలుచుటకు ఎంతటి దీక్ష కావలెనో ఊహింపవచ్చును. అంతమంది ఒకచోట చేరినప్పుడు నీరు, శుభ్రత, రాత్రి కావలి మొదలగు అవసరములు రామనగరునందును తప్పవు. రామదండు సేవకులు అక్కడ నిలిచి పాటుపడిరి. మునిసిపాలిటీ వలదని వచ్చినవారు మునిసిపాలిటీ చేయవలసిన పనులనే తమంతట తాము, ఒకరు చెప్పకుండ, చేసికొనవలసి వచ్చినది. పన్ను రూపమున పైకము ఇయ్యనివారు శ్రమరూపమున అంతకు మించి ఇచ్చిరి.

ఇందు మరియొక విచిత్రము కలదు. మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణల క్రింద స్థానిక స్వపరిపాలనశాఖ అప్పుడే ప్రజాప్రతినిధుల చేతికి వచ్చియుండెను. చెన్నరాష్ట్రమున ఆ శాఖకు మంత్రి పానగల్లు రాజా, శ్రీ పానగంటి రామరాయనింగారు, తెలుగువాడు. చీరాల ఉత్తరువు అతడు పదవికి రాకముందటిది. అతని కాలమున 1920 నాటి చట్టములు అమలులోనికి వచ్చి, బోర్డులలో ఎన్నికైనవారి సంఖ్య పెరిగినది. అధ్యక్షపీఠములు కలెక్టర్లనుండి అనధికారులకు చేరినవి. అయినను చీరాల విషయమున ప్రభుత్వము మెట్టు దిగలేదు. ఒక ఊరికి వదలినచో పది ఊళ్ళు అడుగునన్న భయము ప్రభుత్వములకు సహజము. ఆ భయమునకు సహాయనిరాకరణోద్యమపు వేడియు తోడయ్యెను. దానితో ఇంటిపన్ను తగవు కాస్త సామ్రాజ్యముతో తగవుగా మారి, ఇరుపక్షములకును వెనుదిరుగు దారి లేకపోయినది.

గోపాలకృష్ణయ్యపై ఉపన్యాసనిషేధము విధింపబడినది. బరంపురమున దానిని ఉల్లంఘించి అతడు ఏడాది శిక్షకు తిరుచిరాపల్లి చెరసాలకు పోయెను. నాయకుడు లేడు, చేతిలో పైకము లేదు, 1922 ఫిబ్రవరిలో దేశమంతటను ఉద్యమము ఆపివేయబడినది. రామనగరువాసులు ఒక్కొక్కరుగా తమ యిండ్లకు తిరిగివచ్చిరి. గోపాలకృష్ణయ్య 1928లో, నలువది యేండ్లు నిండకముందే, కీర్తిశేషుడయ్యెను. నేటి చీరాల పురపాలకసంఘము 1948లో, స్వాతంత్ర్యము వచ్చిన పిదప, ఏర్పడినది. పేరాల దానిలోనే యున్నది. అప్పుడెవరును ఊరు విడిచిపోలేదు.

తెనాలి రైతు పావు అణా ఇచ్చుటకును, చీరాల నేతగాడు ఇంటిపన్ను ఇయ్యకపోవుటకును కారణము వారి కలిమిలేములు మాత్రమే యని తేల్చివేయువారు కలరు. నేతగాడు పేదవాడనుట నిజమే. కాని అదొక్కటియే కారణమైనచో అతడు పదునొకండు నెలలు మగ్గము మాని ఇసుకలో ఉండుట పొసగదు. ఆ నష్టము పన్నుకంటె తక్కువ కాదు. అతనిని ఎవరును అడుగలేదు. అడిగి, బావికో బాటకో ఇంత యగునని చెప్పి, లెక్క చూపి, ఏండ్ల వాయిదాలతో పన్ను పెంచియున్నచో ఏమి జరిగియుండెడిదో చెప్పజాలము. ఆ పరీక్ష మాత్రము జరుగలేదు.

స్వాతంత్ర్యానంతర చరిత్ర చదువరులలో పలువురికి సుపరిచితము. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సామూహిక అభివృద్ధి పథకము ప్రారంభమయ్యెను. జీపులు, గ్రామసేవకులు, శ్రమదానములు వచ్చినవి; ప్రజలలో చొరవ మాత్రము రాలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము తేల్చిచెప్పినది. 1958లో ఆంధ్రప్రదేశము జిల్లాకొక బ్లాకు చొప్పున పంచాయతీ సమితులను పరీక్షార్థము నడిపి చూచి, 1959లో చట్టము చేసి, రాజస్థానము తరువాత పంచాయతీరాజ్యమును నెలకొల్పిన రాష్ట్రమయ్యెను. చట్టము చేయకముందు పరీక్ష చేయుట మన పరిపాలనలో తరచు కానరాని మంచి అలవాటు.

ఈసారి ప్రతినిధులు నిజముగా ఎన్నికైనవారే. చైల్డు విడిచిపెట్టిన సగము చేకూరినది. కాని రెండవ సగము జారిపోయెను. ఎన్నికైన సర్పంచి తన పొరుగువాని ఇంటిపన్ను పెంచుటకు జంకును; రేపు ఓటు అడుగవలసినది అతనినే. పైనుండి గ్రాంటు వచ్చునప్పుడు పొరుగువానితో విరోధమేల? పంచాయతీల ఆర్థికస్థితిని పరిశీలించుటకు 1963లో శ్రీ కె. సంతానము అధ్యక్షతన ఒక అధ్యయన బృందమే పనిచేయవలసివచ్చెను. 1997 జనవరి 1న ఆంధ్రప్రదేశమున మొదలైన జన్మభూమి కార్యక్రమము ఊరిపనికి ఊరివారే పైకముగానో శ్రమగానో కొంతభాగము ఇయ్యవలెనని నియమించి పాత సూత్రమును మరల ఎత్తుకొన్నది. కాని అది ఎన్నికైన పంచాయతీని ప్రక్కకు నెట్టినదని విమర్శకు గురియయ్యెను. ప్రతినిధి ఉన్నచోట పన్ను లేదు, ప్రజాభాగము ఉన్నచోట ప్రతినిధి లేడు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 విషయములను అప్పగింపవచ్చునని పట్టిక వ్రాసినది. ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థికసంఘము ఉండవలెనన్నది. పన్ను వేయు అధికారమును రాష్ట్ర శాసనసభల ఇచ్చకు విడిచినది. పని అప్పగించుట, పైకము మాట తరువాత చూచుకొనుట అను మేయో ప్రభువు నాటి పద్ధతి పూర్తిగా పోయినదనుటకు వీలులేదు.

2015 నుండి 2020 వరకు ఐదేండ్లకు పదునాలుగవ కేంద్ర ఆర్థికసంఘము గ్రామపంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫారసు చేసినది. ఆ సంఘమునకు అధ్యక్షుడు రిజర్వుబ్యాంకు పూర్వపు గవర్నరు డాక్టరు వై. వేణుగోపాలరెడ్డి, తెలుగువాడు. అంతకుముందు ఎన్నడును ఊళ్ళకు నేరుగా అంత సొమ్ము చేరలేదు. అందులో తొమ్మిదిపాళ్ళు ప్రాథమిక గ్రాంటు. పదవపాలు మాత్రము పనితీరును బట్టి ఇచ్చునది. ఆ పదవపాలు కావలెనన్నచో పంచాయతీ రెండు కాగితములు చూపవలసియుండెను. ఒకటి తనిఖీ అయిన జమాఖర్చు. రెండవది, ఊరిలో తాను వసూలుచేసిన సొంత రాబడి అంతకుముందటి యేటికంటె పెరిగినదను లెక్క.